ఇరవై నాలుగు టోపీలు

పోయినవారం మనం పెద్దక్కని బస్సు మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలుగా వదిలేసి వచ్చాం. వారం రోజులుగా పాపం అలాగే నిలబడి ఉంది. లోపలికి ఎక్కించే ముందు, కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు.

పెద్దక్క ఆడపిల్లలకి కుట్టుపని నేర్పే టీచరు. తల్లి పోయాక తొమ్మిదేళ్ల చెల్లెల్ని కొంగున కట్టుకుని పెంచింది. ఒకచోట కుదురుగా నిలవని ఆ పిల్లని ఇంటిల్లిపాదీ పిచ్చుక అనేవారు. పెళ్లయినా, ముప్ఫై దాటినా ఆ పేరు పోలేదు. సరిగ్గా ఏడాది కిందట పిచ్చుక భర్తతో ఈ దీవికి వచ్చింది. పొద్దున్నించి సాయంత్రం దాకా బస్సులో తిప్పి దీవంతా చూపించే యాత్రకు వెళ్లింది. ఆ సాయంత్రం నుంచి కనిపించలేదు. బస్సు దిగి ఇద్దరం గదికి వచ్చామనీ, తను స్నానం చేసి వచ్చేసరికి ఆమె సముద్రం వైపు వెళ్లిపోయిందనీ భర్త చెప్పాడు. యాత్రవాళ్ల కాగితంలో ఇరవై నలుగురూ తిరిగొచ్చినట్టు టిక్కులున్నాయి. అందుకని పోలీసులు సముద్రాన్నే వెతికారు. సముద్రం ఏమీ చెప్పలేదు. కాగితాలు మూసేశారు.

పెద్దక్క మాత్రం నమ్మలేదు. బిందెలో నీళ్లు తొణికితేనే రెండడుగులు వెనక్కి వేసే పిల్ల ఒంటరిగా అలల దగ్గరికి వెళ్లిందంటే ఎలా నమ్ముతుంది? పైగా ఆ పొద్దున్నే ఫోన్లో, "అక్కా, ఇంటికొచ్చాక నీకో మాట చెప్పాలి. ఫోన్లో కాదు," అంది పిచ్చుక.

ఆ మాటేమిటో ఈ దీవిలోనే ఎక్కడో పడి ఉందని ఆమె నమ్మకం. అందుకే ఎవరికీ చెప్పకుండా అదే బస్సుకి టిక్కెట్టు తీసుకుంది. ఎవరికీ అంటే, తన భర్తకి తప్ప. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. మెట్టు మీద కాలు పెట్టి తలెత్తి చూసేసరికి, ఆమె సీటు పక్క సీట్లో చెల్లెలి మొగుడు కూర్చుని ఉన్నాడు.

"రండి వదినా. కిటికీ పక్కది మీకే అట్టేపెట్టాను," అన్నాడు మరిది.

ఆ కాలు వెనక్కి తీసుకునేదే. కానీ వెనకాల రిటైరైన పోస్టుమాస్టారు, ఆయన భార్య, ఆవిడ మూడు సంచులు ఎక్కడానికి తొందరపడుతున్నారు.

"అమ్మాయ్, ఎక్కితే ఎక్కు, లేకపోతే దారియ్యి. మా ఆవిడ సంచులకి నిలబడే ఓపిక లేదు," అన్నారు పోస్టుమాస్టారు.

పెద్దక్క ఎక్కింది.

"నువ్వెప్పుడొచ్చావు?"

"నిన్నటి పడవకి. అన్నగారు ఫోన్ చేశారు. 'మీ వదిన ఒక్కతే వెళుతోందయ్యా, నాకు మనసొప్పడం లేదు' అన్నారు. నాకు మాత్రం ఒప్పుతుందా?"

"మళ్లీ ఈ బస్సెక్కబుద్ధయిందా నీకు?"

"మీ కోసం ఎక్కాను వదినా," అన్నాడు మెల్లిగా.

అతని గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. కళ్లద్దాల దుకాణం నడుపుతాడు. చూపు తగ్గి బెదురుతూ వచ్చినవాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి, అద్దం మీద అద్దం మార్చి, 'ఇప్పుడెలా ఉంది? ఇప్పుడు?' అని అడిగే గొంతు అది. పెళ్లిచూపుల నాడు ఆ గొంతు విని ముచ్చటపడింది పెద్దక్కే. ఈ సంబంధం పట్టుబట్టి కుదిర్చిందీ ఆమే. ఏడాదిగా ఆమెకి అన్నం సహించకపోవడానికి సగం కారణం అది.

బస్సు పాతది. ముప్ఫై ఆరు సీట్లు, ఇరవై నలుగురు మనుషులు. ముందు తలుపు ఒకటే సరిగ్గా పడుతుంది. వెనక తలుపు ఎప్పుడో ఊడిపోతే, దాని స్థానంలో ఒక గొలుసు అడ్డంగా కట్టారు.

"ఇదే మంచిది," అన్నారు పోస్టుమాస్టారు ఆ గొలుసు చూసి. "ఎత్తు ఎక్కేటప్పుడు దిగి, ఓ చుట్ట కాల్చుకుని, మళ్లీ ఎక్కొచ్చు."

"దిగితే మళ్లీ ఎక్కనివ్వను," అంది ఆయన భార్య కళ్లు మూసుకునే.

గైడు ముప్ఫై ఏళ్ల పిల్ల. అందరూ గైడమ్మాయి అంటున్నారు. గడ్డితో అల్లిన వెడల్పాటి టోపీలు ఒకదాంట్లో ఒకటి పేర్చి ఎత్తుకుని వచ్చి తలా ఒకటి ఇచ్చింది. ప్రతి టోపీ అంచు మీద నల్లరంగుతో నంబరు. మరిదికి పదకొండు, పెద్దక్కకి పన్నెండు.

"అమ్మలూ, బాబులూ, మా బండిలో ఒక్కటే రూలు. దిగేటప్పుడు టోపీ నెత్తి మీద ఉండాలి. ఎక్కగానే కిటికీ పైన మేకుకి తగిలించాలి. నేను ఇక్కడ నిలబడి చూస్తే ఇరవై నాలుగు టోపీలు కనపడాలి. అప్పుడే బండి కదులుతుంది."

"మనుషుల్ని లెక్కపెట్టవా తల్లీ?" అన్నారు పోస్టుమాస్టారు.

"మనుషులు కుదురుగా ఉంటే కదా మాస్టారూ! ఒకరు వెనక సీట్లో వాలిపోతారు, ఒకరు సీటు కింద చెప్పు వెతుక్కుంటారు, నలుగురు ఒకే కిటికీకి అతుక్కుంటారు. మొదట్లో మనుషుల్నే లెక్కపెట్టేదాన్ని. ఒక్కో చోట మూడేసి సార్లు తప్పొచ్చేది. టోపీ ఉందనుకోండి, మేకు మీద నుంచి కదలదు. పదకొండేళ్లయింది, ఇంతవరకూ ఒక్క టోపీ పోలేదు."

బస్సంతా నవ్వింది. మరిది కూడా నవ్వాడు, అందరికంటే ఒక్క క్షణం ఆలస్యంగా. గైడమ్మాయి పెన్సిలు చివరతో గాల్లో పొడుస్తూ టోపీలు లెక్కపెట్టుకుని, అట్టకి బిగించిన కాగితం మీద టిక్కులు కొట్టి, బస్సు రేకు మీద రెండు దెబ్బలు వేసింది. డ్రైవరు అద్దంలోకైనా చూడకుండా బండి కదిలించాడు.

పెద్దక్క ఆ కాగితం వంకే చూస్తోంది. పోలీసు స్టేషన్లో తనకి చూపించింది అలాంటి కాగితమే. ఇరవై నాలుగు టిక్కులు. అవి మనుషులవి అనుకుంది ఇన్నాళ్లూ.

మొదటి మజిలీ డోళ్లు చేసేవాళ్ల ఇల్లు. ముంగిట్లో తొలిచిన దుంగలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక పెద్దాయన దుంగ లోపలికి చెయ్యి భుజం దాకా పోనిచ్చి ఉలితో గీకుతున్నాడు.

"నరికిన దుంగని ఏడాది నీడలో పెడతాం," అన్నాడు పని ఆపకుండానే. "పైకి ఎండినట్టే ఉంటుంది. లోపల తడి ఉంటుంది. తొందరపడి తోలు బిగించామా, తర్వాత చప్పుడు చేసి మరీ పగులుతుంది."

పోస్టుమాస్టారు ఒక డోలు మీద నాలుగు దెబ్బలు వేసి, తపాలా ముద్ర కొట్టినట్టుందని మురిసిపోయారు. అందరూ ఫోటోలు దిగుతున్నారు.

"ఇక్కడ పిచ్చుక ఏం చేసింది?" అని అడిగింది పెద్దక్క.

"ఆ చిన్న డోలు ఎత్తుకుని ఫోటో దిగింది. మీరు చూశారుగా," అన్నాడు మరిది. వెంటనే అన్నాడు, వెతుక్కోలేదు.

పొలాల మధ్య నుంచి బస్సు పైకెక్కింది. మెట్లు మెట్లుగా మళ్లు, మడి గట్ల మీద కొబ్బరి చెట్లు, వాటి మొదళ్లకి అల్లుకున్న మిరియాల తీగలు. దారి పక్క అరుగుల మీద ఆడవాళ్లు బుట్టలు అల్లుతూ బస్సు వైపు చెయ్యి ఊపారు. ఎంత పచ్చగా ఉందో అంత ఉక్కగా ఉంది. ప్రతి మలుపులోనూ మరిది నీళ్ల సీసా మూత తీసి అందించాడు. ఎండ పడితే తెర లాగాడు. ఎవరైనా చూస్తే వదినని ఇంత బాగా చూసుకునే మరిది ఉంటాడా అనుకుంటారు. వెనక సీటు కొత్త పెళ్లికూతురు మొగుడితో ఆ మాట అననే అంది, వినపడేలా.

రెండో మజిలీ జలపాతం. బస్సు దిగి చెట్ల మధ్య పావుగంట నడవాలి. చివర ఒక రాతి తిన్నె, దాని అంచున మోకాలెత్తు గోడ. ఆ గోడ అవతల ఇక లోయే. ఎదుటి కొండ మీంచి నీళ్లు పడుతుంటే ఒకరి మాట ఒకరికి వినపడదు. తుంపర మొహాలకి కొడుతోంది. గైడమ్మాయి అందర్నీ ఎడమవైపు తీసుకెళ్లింది, అక్కణ్ణుంచి ఇంద్రధనుస్సు కనిపిస్తుందట. పెద్దక్క గోడ దగ్గరే ఆగిపోయింది. ఇక్కడి ఫోటోలో పిచ్చుక గోడకి పదడుగుల దూరంలో, నవ్వలేక నవ్వుతూ నిలబడింది.

"అద్దాలు మసకబారాయి వదినా. ఇలా ఇవ్వండి."

వద్దనే లోపలే అతని వేళ్లు చెవుల దాకా వచ్చి కళ్లజోడు తీసేశాయి. చెయ్యి తిరిగినవాడు, చెంపకి కూడా తగలనివ్వలేదు.

అద్దాలు లేకపోతే పెద్దక్కకి తన చెయ్యే సరిగా ఆనదు. జలపాతం తెల్లటి గోడ అయిపోయింది. కాళ్ల కింద రాయి ఎక్కడ ఆగిందో, గాలి ఎక్కడ మొదలైందో తెలియలేదు. పక్కన బూడిద రంగు ఆకారం ఒకటి వంగి ఏదో తుడుస్తోంది. నిదానంగా తుడుస్తోంది. ఒక అద్దం. తర్వాత రెండోది. మళ్లీ మొదటిది.

"చాల్లే, ఇటివ్వు," అంది. తన గొంతు తనకే వినపడలేదు.

"కదలకండి వదినా," అన్నాడు చెవి దగ్గరగా. "మీరు గోడకి బాగా దగ్గరగా ఉన్నారు."

అప్పుడు "ఓయ్ అమ్మాయ్! ఇంద్రధనుస్సు ఇక్కడుంటే నువ్వక్కడేం చేస్తున్నావ్?" అని పోస్టుమాస్టారి కేక వినబడింది. కళ్లజోడు తిరిగి ముక్కు మీదికి వచ్చింది. లోకం మళ్లీ అంచులతో సహా కనపడింది. ఆమె కాలి బొటనవేలు గోడకి ఆనుకుని ఉంది. మరిది జేబు రుమాలు నాలుగు మడతలు పెట్టుకుంటున్నాడు.

"ఇప్పుడెలా ఉంది?" అన్నాడు.

మధ్యాహ్నం తోటలో భోజనాలయ్యాక అందరికీ కునుకు పట్టింది. పోస్టుమాస్టారి భార్య వెనక పొడుగు సీటు మీద సంచులు తలగడగా పెట్టుకుని పడుకుంది. ఆవిడ అక్కడ ఉందో లేదో ముందు నుంచి చూసేవాళ్లకి తెలియదు. ఆవిడ టోపీ మాత్రం మేకుకి వేలాడుతోంది. గైడమ్మాయి దాన్ని లెక్కపెట్టుకుంది.

"ఇప్పుడెక్కడికి?" అంది పెద్దక్క.

"జాజికాయల కళ్లం. ఎండబెట్టే చోటు. ఆ తర్వాత దీపస్తంభం, అంతే. కళ్లం దగ్గర మీరు దిగకండి వదినా. చూడ్డానికేం లేదు. ఆ రోజు తనకి తలనొప్పిగా ఉందంటే మేం అసలు దిగలేదు, బస్సులోనే కూర్చున్నాం."

పొద్దున్నించి అతను చెప్పినవాటిలో, అడగకుండా చెప్పింది ఇదొక్కటే.

కళ్లం కొండ పక్కన చదును చేసిన నేల. రైలు పట్టాల్లాంటి ఇనప కమ్మీల మీద చక్రాలున్న పెద్ద పెద్ద పళ్లేలు, మంచాలంత వెడల్పువి, ఒక్కోదాంట్లో వందల జాజికాయలు. ఎండ ఉన్నంతసేపూ బయట ఉంచుతారు, మబ్బు పట్టగానే షెడ్డు కిందికి తోసేస్తారు. ఎర్రటి జాపత్రి వేరే చాపల మీద ఆరబోసి ఉంది. వాసన ముక్కుకి కాదు, గొంతుకి తగులుతోంది. షెడ్డు వెనక నుంచి రాతి మెట్లు లోయలోకి దిగుతున్నాయి. కింద ఎప్పుడో మూలపడిన చెరుకు గానుగ ఉందట, ఇప్పుడు అటు ఎవరూ వెళ్లరని గైడమ్మాయి చెప్పింది.

పెద్దక్క దిగింది. మరిది ఆమె వెనకే దిగాడు.

తూర్పున మబ్బు లేచింది. పనివాళ్లు పళ్లేల్ని షెడ్డులోకి తోసేసి ఒక్కొక్కరే ఇళ్లకి బయలుదేరుతున్నారు. షెడ్డు అరుగు మీద ఒక ముసలామె మాత్రం పుచ్చిన కాయలు ఏరి పక్కన పడేస్తూ కూర్చుంది. పోస్టుమాస్టారు మరిదిని పట్టుకుని తన అద్దాల పవరు గురించి అడుగుతున్నారు. పెద్దక్క నీడ కోసం అరుగు దగ్గరికి వెళ్లింది.

ముసలామె తలెత్తింది. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"మళ్లీ వచ్చావా తల్లీ?" అంది.

పెద్దక్క వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.

"ఈసారైనా బస్సు తప్పిపోకుండా చూసుకో. ఆ రోజు ఎంత ఏడ్చావూ! నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు."

అక్కచెల్లెళ్లిద్దరిదీ తండ్రి పోలికే. అదే నుదురు, అదే గడ్డం. పెద్దక్క అరుగు మీద కూర్చుంది.

"ఏ రోజు అవ్వా?"

"అదేంటమ్మా, మరిచిపోయావా? రేకు గీరుకుని నా రవిక చెయ్యి చిరిగిందంటే నువ్వే కదా కుట్టావు. సంచీలోంచి సూదీ దారం తీసి, ఏడుస్తూనే కుట్టావు. ఇదిగో."

ముసలామె మోచెయ్యి చాపింది. వెలిసిన నీలం రవిక మీద జానెడు పొడుగున తెల్లదారం కుట్టు.

వేల మంది పిల్లల కుట్లు దిద్దిన కళ్లు అవి. మామూలు చేతి కుట్టు ఒక పక్కకి వాలుతుంది. ఇది రెండో పక్కకి వాలింది. ఎడంచేతి వాటం. ప్రతి అయిదో కుట్టు దగ్గర ఒక చిన్న ముడి, ఒకవేళ తెగినా మొత్తం ఊడిపోకుండా. ఆ ముడి ఏ పుస్తకంలోనూ లేదు. 'కుడిచేత్తో కుట్టవే' అని ఎన్ని మొట్టికాయలు వేసినా వినని ఓ తొమ్మిదేళ్ల పిల్లకి, విసుగెత్తి, తను కనిపెట్టి నేర్పిన ముడి.

పెద్దక్క ఆ కుట్టు మీద వేలు పెట్టింది. ఏడాది తర్వాత చెల్లెలు చేతికి తగిలింది.

"బస్సు ఎలా తప్పిపోయింది అవ్వా?" అడిగింది.

"కింద మెట్ల దగ్గర నీళ్ల తొట్టిలో మొహం కడుక్కుని వచ్చేసరికి బండి వెళ్లిపోయిందన్నావు. 'టోపీ ఆయన చేతికిచ్చాను, చెబుతాడనుకున్నాను' అన్నావు. ఎండలో నెత్తి మాడుతుంటే నా తుండుగుడ్డ ఇచ్చాను కదా."

"తర్వాత?"

ముసలామె చూపు పెద్దక్క భుజం మీంచి వెనక్కి పోయింది. మళ్లీ కాయలు ఏరడం మొదలుపెట్టింది.

"వదినా, గైడు పిలుస్తోంది," అన్నాడు మరిది. ఎప్పుడొచ్చాడో. "పాపం పెద్దావిడతో ఏం మాట్లాడుతున్నారు?"

"జాజికాయ పచ్చిదో ఎండిందో ఎలా తెలుస్తుందని అడుగుతున్నాను."

"ఎలా తెలుస్తుందట?"

"చెవి దగ్గర ఊపితే లోపల గింజ ఆడుతుందట," అంది పెద్దక్క. ఆ మాట గైడమ్మాయి ఇందాక అందరికీ చెప్పిందే. అబద్ధం ఆడేటప్పుడు చేతిలో ఏదైనా ఉండటం మంచిదని అప్పుడే తెలిసింది ఆమెకి. ఒక కాయ తీసి ఊపింది. టక్కుటక్కుమంది.

ఆ టక్కుటక్కుల మధ్యే నిర్ణయం అయిపోయింది.

మనిషిని దోషి అనుకోవడం వేరు, దోషి అని తెలుసుకోవడం వేరు. సంబంధం కుదిర్చిన చెయ్యి ఇది. ఈ చేత్తోనే ఒక్క అవకాశం ఇవ్వాలనిపించింది. 'ఆగండి, మా వదిన ఇంకా ఎక్కలేదు' అని ఒక్క మాట. ఆ ఒక్క మాట అతని నోటి నుంచి వస్తే చాలు. పిచ్చుక టోపీ విషయంలో ఏదో పొరపాటు జరిగిందనీ, భయపడి దాచాడనీ అనుకోవచ్చు. ఏడాదిగా మోస్తున్న పాపపు అనుమానాన్ని ఇక్కడే దింపేసి, అతని చేతులు పట్టుకుని ఏడవచ్చు.

నెత్తి మీది టోపీ తీసి అతనికి అందించింది.

"ఇది పట్టుకెళ్లు. చేతులకి జిగురంటుకుంది, కడుక్కుని వస్తాను."

మరిది టోపీ వంక చూశాడు. ఆమె వంక చూశాడు. కళ్లద్దాల వెనక నుంచి ఎదుటివాళ్ల చూపు కొలిచే చూపు అది.

"తొందరగా రండి," అన్నాడు.

పెద్దక్క షెడ్డు పక్కకి తిరిగింది. నీళ్ల తొట్టి దగ్గరికి వెళ్లలేదు. తోసేసిన పళ్లేల మధ్య సందులో, రేకు గోడకి ఆనుకుని నిలబడింది. అక్కడి నుంచి బస్సు పక్కభాగం మొత్తం కనబడుతోంది. అప్పుడు గుర్తొచ్చింది, చేతిసంచీ సీటు మీదే ఉంది. ఫోనూ అందులోనే ఉంది.

మరిది బస్సెక్కాడు. పదకొండో నంబరు మేకుకెక్కింది. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత కిటికీలో అతని చెయ్యి లేచింది. పన్నెండో నంబరు కూడా ఎక్కింది. టోపీ కొంచెం ఊగుతుంటే, కుదురుగా నిలిచేదాకా రెండు వేళ్లతో పట్టుకున్నాడు.

గైడమ్మాయి పెన్సిలు గాల్లో పొడిచింది. చెప్పు, చెప్పు నాయనా, అనుకుంది పెద్దక్క. ఇప్పుడైనా చెప్పు. పెన్సిలు వెనక సీట్ల దాకా వెళ్లి ఆగింది. కాగితం మీద టిక్కులు పడ్డాయి. రేకు మీద రెండు దెబ్బలు పడ్డాయి.

బస్సు కదిలింది.

పరిగెత్తితే అందుతుంది. అరిస్తే వినపడుతుంది. ఆమె అరవలేదు. అవ్వ చెప్పబోయి ఆగిన మాట ఇంకా ఇక్కడే ఉంది. ఎర్రమట్టి లేపుకుంటూ బస్సు మలుపు దాకా వెళ్లి, ఎత్తు దగ్గర మనిషి నడక వేగానికి తగ్గి, మూలుగుతూ తిరిగి, చెట్ల వెనక మాయమైంది. ఆ ఎత్తు ఎక్కితే ఇక సాయంత్రం దీపస్తంభమే. అక్కడా ఇరవై నాలుగు టోపీలే లెక్కకొస్తాయో, లేక ఎవరైనా తన గురించి అడుగుతారో. 'వదిన వెనక సీట్లో పడుకుంది' అంటే సరిపోతుంది. పోస్టుమాస్టారి భార్యని ఎవరూ లేపలేదు కదా.

చినుకులు మొదలయ్యాయి. రేకు మీద ఒకటి, తర్వాత ఇంకొకటి.

పెద్దక్క సందులోంచి బయటికి వచ్చింది. పనివాళ్లంతా వెళ్లిపోయారు. ముసలామె ఒక్కతే బుట్ట సర్దుకుంటోంది.

"అయ్యో, మళ్లీ తప్పిపోయిందా!" అంది.

"అవ్వా, నేను ఆమెని కాదు. ఆమె అక్కని. సాయంత్రం దాకా ఏడుస్తూ కూర్చున్న ఆ పిల్లని ఎవరు తీసుకెళ్లారు? గైడు మళ్లీ వచ్చిందా? బండి ఏదైనా దొరికిందా?"

ముసలామె ఆమె మొహాన్ని పరీక్షగా చూసింది. ఈసారి తేడా కనపడినట్టుంది.

"సాయంత్రం దాకా ఎక్కడ తల్లీ? నా రవిక కుట్టేంతసేపే. మలుపు తిరిగేటప్పుడు బండి మెల్లగా పోతుంది కదా. వెనక గొలుసు విప్పుకుని దిగాడట ఆ పిల్ల మొగుడు. నడుచుకుంటూ వచ్చాడు. 'నీ మొగుడు మంచివాడే, నీ కోసం బండి దిగేశాడు' అన్నాను నేను. ఆ పిల్ల నా వెనక్కి వచ్చి నిలబడింది. అప్పుడే అనుకోవాల్సింది నేను. ఇద్దరూ గానుగ మెట్ల వైపు వెళ్లారు."

"పైకి ఎప్పుడొచ్చారు?"

"నేను నాలుగింటికి తాళం వేసుకుని పోతాను తల్లీ," అంది ముసలామె. "నాలుగింటి దాకా అయితే రాలేదు."

ఇరవై నాలుగు టిక్కుల్లో ఒకటి పిచ్చుకది కాదని పెద్దక్క ఇందాకే తెలుసుకుంది. ఇంకొకటి మరిదిది కాదని ఇప్పుడు తెలిసింది. ఆ రోజు సాయంత్రం అతను కూడా బస్సులో లేడు. అయినా ఆ కాగితం, బస్సు దిగి గదికి వెళ్లిన మంచి మొగుడిగా అతన్ని ఏడాది పాటు కాపాడింది.

"అవ్వా, ఇక్కడ ఫోనుందా?"

ముసలామె చెయ్యి మలుపు వైపు లేచింది, ఏదో చూపించబోయినట్టు, సగంలో ఆగిపోయింది. తర్వాత బుట్ట చంకన పెట్టుకుని, తల వంచుకుని, పక్కనున్న గదిలోకి గబగబా నడిచింది. తలుపు పడింది. లోపల గడియ పడిన చప్పుడు విడిగా వినిపించింది.

పెద్దక్క వెనక్కి తిరిగింది.

దుమ్ము చినుకులకి అణిగిపోయింది. దారి ఖాళీగా, శుభ్రంగా ఉంది. మలుపు దగ్గర నుంచి ఒక మనిషి వస్తున్నాడు. తొందరేమీ లేదు. జేబు రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. పొద్దున అతనే తుడిచిచ్చిన అద్దాల్లోంచి, అంత దూరంలోనూ, అతని మొహం ఎంత స్పష్టంగా కనపడుతోందంటే పెదాల మీది చిన్న నవ్వు కూడా తెలుస్తోంది.

"బస్సు వెళ్లిపోయిందా వదినా?" అన్నాడు ఆ మెత్తటి గొంతుతో. "పర్లేదు. నేనున్నానుగా."

అతని తల మీద టోపీ లేదు.